చెవి ఒగ్గి నేర్చుకున్న భాష

1993 చివరి రోజులు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా. మనకు చలి ముదిరే ఆ నెలల్లో వాళ్లకు ఎండలు ముదురుతుంటాయి. అక్కడి ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే కుర్రవాడికి కంప్యూటర్ సెంటర్‌లో ఒకాయన రెండు ఈథర్‌నెట్ కార్డులు చవగ్గా ఇస్తానన్నాడు. 3సీ505 అనే రకం. ఒక్కోటి 15 డాలర్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఆ కార్డును లినక్స్ మీద నడిపే డ్రైవర్ రాశానని ప్రకటించారు. ట్రిడ్జెల్ కార్డులు కొన్నాడు, డ్రైవర్‌ను కాస్త సవరించుకున్నాడు, ఇంట్లో తన లినక్స్ కంప్యూటర్‌కూ భార్య వాడే పీసీకీ మధ్య తీగ లాగాడు.

తీగ కలిసింది గానీ మాట కలవలేదు. ఈ యంత్రం డిస్కు మీదున్న ఫైలును ఆ యంత్రం తెరవాలంటే రెండింటికీ తెలిసిన భాష ఒకటుండాలి. యూనివర్సిటీలో ఆ పని చేసిపెట్టే పీసీ-ఎన్ఎఫ్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంట్లో లేదు. అప్పుడు అతనికి గుర్తొచ్చింది, రెండేళ్ల కిందట తానే రాసి, తానే పక్కన పడేసిన ఒక చిన్న ప్రోగ్రాం.

ఇవాళ మన ఇళ్లలో హాల్లో టీవీ, పడగ్గదిలో పాత విండోస్ డెస్క్‌టాప్, పిల్లల దగ్గర మ్యాక్, అటక కింద రాత్రింబగళ్లు మిణుకుమనే రూటర్, దాని వెనక తగిలించిన హార్డ్‌డిస్కు. ఒకచోట దాచిన పెళ్లి వీడియో మరోచోట ఆడుతుంది. ఈ సౌకర్యాన్ని పెద్ద కంపెనీలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుని మనకిచ్చాయని అనుకుంటాం. అలా జరగలేదు. చాలాకాలం ఏ కంపెనీకీ ఆ అవసరమే కనపడలేదు. ఆ అవసరం కనపడింది ఇలాంటి ఇళ్లలో, ఇలాంటి చిన్న గదుల్లో.

ఎవరింటి భాష వారిది

1980ల తొలినాళ్లలో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు ముందు ఒక చిక్కు ఉంది. పీసీలో నడిచే డాస్‌కు తన డిస్కు తప్ప మరో లోకం తెలియదు. ఫైలు తెరువు, చదువు, రాయి, మూసెయ్ అని అది తన డిస్కును అడుగుతుంది. ఆ అడిగే మాటలనే కవర్లో పెట్టి తీగ మీద పక్క యంత్రానికి పంపితే? అక్కడి డిస్కు నుంచి జవాబు అదే దారిన తిరిగొస్తే? ఇదీ ఆయన ఆలోచన. దానికి సర్వర్ మెసేజ్ బ్లాక్ అని పేరు పడింది, పొట్టిగా ఎస్ఎంబీ. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని చేతిలోకి తీసుకుని తన నెట్‌వర్క్ సరుకంతా దాని మీదే పెంచింది. ఇవాళ విండోస్‌లో ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి షేర్ చేస్తే పని చేసేది దాని మునిమనవడే.

అదే కాలంలో సన్ మైక్రోసిస్టమ్స్ తన యూనిక్స్ యంత్రాల కోసం ఎన్ఎఫ్ఎస్ తెచ్చింది. ఆపిల్ తన మ్యాక్‌ల కోసం ఆపిల్‌షేర్ పెట్టింది. నోవెల్‌కు నెట్‌వేర్ ఉంది. డిజిటల్ కంపెనీ అయితే పీసీలను తన పెద్ద యంత్రాలకు కలపడానికి పాత్‌వర్క్స్ అమ్మింది. ఎవరి యంత్రాలు కొన్నవాళ్లు వాళ్ల భాషలోనే ఉండిపోతే వ్యాపారానికి హాయి. గోడ దాటాల్సిన పని కొనుక్కున్నవాడిది.

మాట ఒక్కటే కలిస్తే సరిపోయేదీ కాదు. ఫైలంటే ఏమిటన్న దగ్గరే తేడాలున్నాయి. డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. యూనిక్స్‌లో అంతకంటే చాలా పొడుగ్గా పెట్టుకోవచ్చు. డాస్ దృష్టిలో ఇంగ్లీషు పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటే, యూనిక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. (మన లిపికి ఈ పెద్దా చిన్నా తేడా లేదు కాబట్టి ఈ ఒక్క బాధ మనకు తప్పింది. మనకు వేరే బాధ రాసిపెట్టి ఉంది, అది తర్వాత చెబుతాను.) యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గుంపు, మిగతావాళ్లు అని మూడు వర్గాలు, ఒక్కో వర్గానికీ చదవడానికి, రాయడానికి, నడపడానికి వేర్వేరు అనుమతులు. డాస్‌కు యజమానే తెలియదు. దానికి తెలిసినవి దాచిన ఫైలు, సిస్టమ్ ఫైలు, బ్యాకప్ చేయాల్సిన ఫైలు అనే గుర్తులు. వాటికి యూనిక్స్‌లో చోటు లేదు.

ఈ పేచీని ట్రిడ్జెల్ బృందం తీర్చిన తీరు నాకెంతో ఇష్టం. డాస్‌లో వచ్చిన మామూలు ఫైలును యూనిక్స్ ఎలాగూ ప్రోగ్రాంలా నడపదు. కాబట్టి నడపవచ్చు అనే ఆ అనుమతి గడి ఖాళీగా ఉంటుంది. డాస్ వాడి బ్యాకప్ గుర్తును తెచ్చి అందులో దాచారు. చుట్టాలొస్తే వాళ్ల పెట్టె పెట్టడానికి ఇంట్లో ఖాళీగా ఉన్న గూడు వెతికినట్టు. పాత లినక్స్ సర్వర్ల మీద ఉత్తరాలూ లెక్కల ఫైళ్లూ కూడా ప్రోగ్రాంలలాగా ఆకుపచ్చగా కనిపించడం చూసి తికమకపడ్డవాళ్లు ఉంటే, కారణం ఇదే.

రెండు యంత్రాల మధ్య కూర్చుని

1993 నుంచి రెండేళ్లు వెనక్కి వెళ్దాం. 1991 డిసెంబరు. ట్రిడ్జెల్ అప్పటికి డాస్ వాడే మనిషి. డిజిటల్ కంపెనీ ఎక్స్‌కర్షన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి చూడమని వాళ్ల ప్రయోగశాలకు ఇచ్చింది. అది పాత్‌వర్క్స్ ఉంటేనే నడుస్తుంది. పాత్‌వర్క్స్ పెట్టుకుంటే పీసీ-ఎన్ఎఫ్ఎస్ తీసెయ్యాలి. తీసేస్తే తన ఫైళ్లన్నీ ఉన్న సన్ యంత్రాలు దూరమైపోతాయి, ఎందుకంటే పాత్‌వర్క్స్ సర్వర్ దొరికేది డిజిటల్ వాళ్ల సొంత యంత్రాలకే.

ఇంకొకరైతే ఆ పరీక్షే మానుకునేవారు. అతనికి మరో ఆలోచన వచ్చింది. డిజిటల్ వాళ్ల డెక్‌స్టేషన్ ఒకటి తన అజమాయిషీలోనే ఉంది. దానికీ తన పీసీకీ మధ్య ఏం మాటలు నడుస్తున్నాయో వింటే? అప్పటికి అతను నెట్‌వర్క్ ప్రోగ్రాం ఒక్కటీ రాసి ఎరగడు. ఎవరో రాసిన నమూనాలు చూసి నేర్చుకుని, కొద్ది రోజుల్లోనే పీసీకీ సర్వర్‌కూ మధ్య నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తూ అన్నిటినీ నమోదు చేసే చిన్న ప్రోగ్రాం రాశాడు.

ఆ తర్వాత చేసిందే అసలు పని. పీసీ మీద చిట్టి చిట్టి ప్రోగ్రాంలు రాశాడు. ఒకటి ఫైలు తెరుస్తుంది, అంతే. ఇంకొకటి చదువుతుంది, మరొకటి ఫోల్డర్ మారుస్తుంది. ఒక్కోటి నడిపి, ఆ క్షణాన తీగ మీద ఏ అంకెలు పారాయో చూశాడు. తెరిచినప్పుడల్లా ఈ చోట ఈ అంకె వస్తోంది, చదివినప్పుడల్లా ఆ చోట ఆ అంకె. అలా ఒక్కో మాటకూ అర్థం పట్టుకుంటూ, అర్థమైనంత మేరకు సన్ యంత్రం మీద తన సొంత సర్వర్ రాశాడు. ఒకటి రెండు రోజుల్లో మొదటి ఫైలు తెరుచుకుంది. వారానికల్లా, అప్పుడప్పుడు తడబడుతూనే, అతని పీసీ సన్ యంత్రాన్ని డిజిటల్ యంత్రమనుకుని మాట్లాడసాగింది.

అర్థం కాని అంకెలు ఎన్నో మిగిలాయి. అసలు సర్వర్ ప్రతి జవాబులోనూ వాటిని పంపుతోంది, ఎందుకో తెలియదు. ఎందుకైనా మంచిదని అతనూ పంపాడు. అర్థం తెలియకపోయినా స్వరం తప్పకుండా వల్లించే పిల్లవాడిలాగా. వాటి భావం తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఇది చట్టసమ్మతమేనా అన్న అనుమానంతో కాన్‌బెర్రాలోని డిజిటల్ ఉద్యోగి ఒకరిని అడిగాడు. దీనికి ఎక్కడో నెట్‌బయాస్ అని రాతపూర్వకమైన వివరణ ఉందనీ, నువ్వు చేసింది తప్పేమీ కాదనీ, పైగా అనవసర ప్రయాసనీ ఆయన చెప్పాడు. వెతికి తెచ్చి చూస్తే అందులో తాను రాసినదానితో పోలికే లేదు. నిజానికి ఆ వివరణ కవరు మీద చిరునామా ఎలా రాయాలో చెబుతుంది. అతను చదివి నేర్చినది కవరు లోపలి ఉత్తరాన్ని. ఆ సంగతి అప్పటికి తెలియదు.

1992 జనవరిలో సర్వర్ 0.1 పేరుతో దాన్ని ఉచితంగా విడుదల చేశాడు. నెల తిరక్కుండా మరో రెండు రూపాలు. అంతలో అతని బల్ల మీదికి ఎక్స్‌కర్షన్ పనిని తనే చేసిపెట్టే ఎక్స్ టెర్మినల్ వచ్చింది. ఎక్స్‌కర్షన్‌తో పని తీరిపోయింది, సర్వర్‌తోనూ తీరిపోయింది. దీన్ని ఎవరైనా చూసుకుంటారా అని ఒక ప్రకటన పెట్టాడు. ఎవరూ రాలేదు.

దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం నుంచి డాన్ షీరర్ అనే ఆయన మాత్రం ఉత్తరం రాశాడు, లినక్స్ వాడేవాళ్లు ఈ ప్రోగ్రాం కోసం వెతుక్కుంటున్నారని. 1992 నవంబరు సంగతి. లినక్స్ అంటే ఏమిటని ట్రిడ్జెల్ అడిగాడు. పీసీల మీద నడిచే ఉచిత యూనిక్స్ అని జవాబు వచ్చింది. కొద్ది నెలలకు అతనూ లినక్స్ మనిషయ్యాడు.

అలా వచ్చి చేరాం ఆ రెండు కార్డుల దగ్గరికి. మైక్రోసాఫ్ట్ డాస్ పీసీల కోసం ఉచితంగా ఇస్తున్న ఒక నెట్‌వర్క్ ప్రోగ్రాం అతని సర్వర్‌తో మాట్లాడవచ్చేమోనని ఎవరో అన్నారు. దించుకుని భార్య పీసీలో పెట్టాడు. మొదటిసారికే పనిచేసింది. రెండేళ్ల కిందట తాను రాసింది డిజిటల్ భాష కాదని అప్పుడు తేలింది. డిజిటల్ కూడా అరువు తెచ్చుకున్న భాష అది, ఎస్ఎంబీ. ప్రపంచంలో పీసీలున్న ఎన్నో ఆఫీసుల్లో నడుస్తున్న మాటలనే అతను ఒక్కడూ ఒక గదిలో కూర్చుని విని నేర్చాడు. 1993 డిసెంబరు 1న, ఇన్నాళ్లూ ఉత్తరాలు రాసినవాళ్లందరినీ చేర్చుకుని కొత్తగా పని మొదలుపెట్టాడు. తర్వాతి రెండు నెలల్లోనే ముప్పైకి పైగా కొత్త రూపాలు వచ్చాయి. డబ్బు అడగలేదు. మెచ్చినవాళ్లు పిజ్జా పంపితే చాలన్నాడు.

పేరు కథ చిన్నది. ఎస్ఎంబీ సర్వర్ అన్న పేరు మీద హక్కు తమదని ఒక కంపెనీ ఉత్తరం రాసింది. కొత్త పేరు కావాలి, కానీ అందులో ఎస్, ఎమ్, బీ అదే వరుసలో ఉండాలి. యూనిక్స్ యంత్రంలో ఉండే ఇంగ్లీషు మాటల పట్టీని ఆ లెక్కన జల్లెడ పట్టమని ఆజ్ఞ ఇస్తే నాలుగైదు మాటలు రాలాయి. ఒకటి అడవి పండు పేరు, ఒకటి కోతకొచ్చిన కలప. ఇంకొకటి సాంబా, బ్రెజిల్ నాట్యం. అదే పేరు స్థిరపడింది.

కాఫీ హోటల్ పాఠం

ఇదంతా దొంగచాటు పనేమోనని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. 2003లో ట్రిడ్జెల్ దీనికి ఒక పోలికతో జవాబు రాశాడు. నీకు ఫ్రెంచి రాదు, నేర్పే పుస్తకాలూ లేవు. ఫ్రాన్స్ వెళ్లి ఒక కాఫీ హోటల్లో కూర్చో. వచ్చినవాళ్లు సర్వరుతో ఏమంటున్నారో, తర్వాత బల్ల మీదికి ఏం వస్తోందో రాసుకో. ఆ మాట అన్నప్పుడల్లా రొట్టె వస్తోంది, ఈ మాటకు కాఫీ. కొన్నాళ్లకు నువ్వే అడిగి చూస్తావు. తప్పయితే వింతగా చూస్తారు, ఆ చూపు కూడా పాఠమే.

ఈ పోలిక మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం సంతలో, బళ్లారి బస్టాండులో, చెన్నై కొత్వాల్ చావడి అంగళ్లలో మనవాళ్లు పొరుగు భాష నేర్చుకున్నది ఇలాగే. వాళ్లెవరూ ఆ భాషను దొంగిలించలేదు. సాంబా బృందం మైక్రోసాఫ్ట్ రాసిన ప్రోగ్రాం లోపలికి తొంగి చూడలేదు. బయట తీగ మీద పారే మాటలే విన్నారు. ఆ గీతను వాళ్లు జాగ్రత్తగా కాపాడుకున్నారు, అదే తర్వాత వాళ్లను కాపాడింది.

2005లో ట్రిడ్జెల్ మరో సందర్భంలోనూ ఇదే పని చేశాడు. లినక్స్ కోడ్‌ను భద్రపరచడానికి అప్పట్లో బిట్‌కీపర్ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్ వాడేవారు. దాని సర్వర్‌తో ఎలా మాట్లాడాలో తెలుసుకోవాలని ఆ తలుపు తట్టి, సాయం అన్న అర్థమిచ్చే ఒక్క ఇంగ్లీషు మాట టైపు చేశాడు. అదే తన ఆజ్ఞల పట్టీ మొత్తం చెప్పేసింది. ఆ కంపెనీకి కోపం వచ్చింది, ఉచిత అనుమతి పోయింది, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా ట్రిడ్జెల్ మీద విసుక్కున్నాడు. ఆ వెంటనే టోర్వాల్డ్స్ తనే కూర్చుని గిట్ రాశాడు. ఇవాళ ప్రపంచమంతా ప్రోగ్రాంలు రాసేవాళ్లు వాడుతున్నది అదే.

లక్సెంబర్గ్ మెట్లు

ఇంటి అవసరం కోర్టు మెట్లు ఎక్కిన ఘట్టం కూడా చెప్పాలి. విండోస్ పాతుకుపోయేకొద్దీ దాని సర్వర్ల మధ్య సంభాషణ జటిలమైంది. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడమే కాదు, ఎవరు ఎవరు, ఎవరికి ఏ అనుమతి అన్న పద్దంతా యాక్టివ్ డైరెక్టరీ అనే చోట చేరింది. విని నేర్చుకోవడం నానాటికీ కష్టమైంది. తమకు కావలసిన వివరాలు ఇవ్వడం లేదని 1998లో సన్ కంపెనీ యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2004 మార్చిలో కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది, పోటీదారులకు ఆ వివరాలు ఇవ్వాలంది. మైక్రోసాఫ్ట్ పైకోర్టుకు వెళ్లింది.

ఈలోగా ఫిర్యాదు చేసిన పెద్దలు ఒక్కొక్కరే రాజీపడి తప్పుకున్నారు. సన్‌కు 2004లో దాదాపు 200 కోట్ల డాలర్లు ముట్టాయి. నోవెల్ కూడా డబ్బు తీసుకుని తప్పుకుంది. ఎవరూ కొనలేనివాళ్లు మిగిలారు, ఎందుకంటే వాళ్లు అమ్ముతున్నది ఏమీ లేదు. 2006 ఏప్రిల్‌లో లక్సెంబర్గ్‌లో పదముగ్గురు న్యాయమూర్తుల ముందు విచారణ జరిగినప్పుడు యూరప్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌తో పాటు సాంబా మనుషులు నిలబడ్డారు. 2007 సెప్టెంబరు 17న తీర్పు కమిషన్ వైపే వచ్చింది. ఆ డిసెంబరు 20న ఒప్పందం కుదిరింది. ఒకేసారి 10,000 యూరోలు కడితే చాలు, వివరాలన్నీ చదువుకోవచ్చు, రాసిన కోడ్‌ను అందరికీ ఇవ్వవచ్చు. మరో రెండు నెలలకు మైక్రోసాఫ్ట్ 30,000 పేజీలకు పైగా వివరాలు అందరూ చదివేలా బయట పెట్టింది. 2011లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఒకరు సాంబాకే కోడ్ రాసి పంపారు. 2012 డిసెంబరులో వచ్చిన సాంబా 4.0 యాక్టివ్ డైరెక్టరీ పద్దును తనే నడపగలిగింది.

పదేళ్ల ముందు ఊహకందని సంగతి ఇది. వినేవాడు గట్టిగా నిలబడితే మాట్లాడేవాడు చివరికి మొహం తిప్పుకుని మాట్లాడలేడని నాకు దీన్ని చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

దొరకని మైలవరం

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మ ఉత్తరాలు, ఇన్‌లాండ్ లెటర్లూ కార్డులూ, మా తమ్ముడు తీరిగ్గా స్కాన్ చేసి తన పాత మ్యాక్‌లో ఊరి పేర్ల వారీగా ఫోల్డర్లలో పెట్టాడు. నాన్నగారి బదిలీలతో ఊళ్లు చాలానే ఉన్నాయి: తెనాలి, బందరు, మైలవరం, హైదరాబాద్. నా దగ్గర ఒక పాత పీసీలో లినక్స్ వేసి, సాంబా పెట్టి, ఇంట్లో అందరికీ ఒకే అలమరలా చేశాను. వాడు వచ్చినప్పుడు ఆ ఫోల్డర్లను ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో అందులోకి ఎక్కించాం. ఆర్‌సింక్ కూడా ట్రిడ్జెల్ పనే, పాల్ మెకరస్‌తో కలిసి 1996లో తెచ్చాడు. మారిన ముక్కలనే పంపుతుంది, మొత్తం ఫైలు మోయదు.

ఎక్కింది. వెతికితే తెనాలి దొరికింది, బందరు దొరికింది. మైలవరం దొరకలేదు. హైదరాబాద్ దొరకలేదు.

"కళ్ల ముందే ఉంది కదే అక్కా, మరి వెతికితే లేదంటుందేం?" అన్నాడు వాడు. నిజంగానే తెర మీద మైలవరం కనిపిస్తోంది. అదే పేరుతో ఇంకో ఫోల్డర్ చేసి చూశాను. కాదనలేదు. ఒకే చోట రెండు మైలవరాలు పక్కపక్కన కూర్చున్నాయి.

ఒక సాయంత్రమంతా పట్టింది తెలియడానికి. మన ఐత్వం చూడండి: అక్షరం నెత్తిన ఎత్వం, కింద వేలాడే తోక. యూనికోడ్ దాన్ని రెండు రకాలుగా రాయనిస్తుంది, మొత్తం కలిపి ఒకే గుర్తుగా గానీ, ఎత్వం ఒకటి తోక ఒకటి అని రెండు గుర్తులుగా గానీ. తెలుగు లిపి మొత్తంలో ఇలా విడగొట్టడానికి వీలిచ్చింది ఈ ఒక్క గుర్తుకే. మనం కీబోర్డు మీద కొడితే మామూలుగా వచ్చేది కలిపిన రూపం. కానీ పాత మ్యాక్‌ల ఫైల్ వ్యవస్థ ప్రతి పేరునూ విడగొట్టి దాచేది. ఫ్రెంచి వాళ్ల అక్షరాల నెత్తిన ఉండే గీతల కోసం చేసిన ఏర్పాటు, మన మైలవరాన్నీ విడగొట్టింది. 2017లో ఆపిల్ కొత్త ఫైల్ వ్యవస్థకు మారాక ఆ బలవంతం పోయింది. మా తమ్ముడి మ్యాక్ అంతకంటే పాతది. లినక్స్‌కు పేరంటే వట్టి అంకెల వరుస. రెండు వరుసలు వేరైతే రెండూ వేర్వేరు పేర్లే, కంటికి ఎంత ఒకటిగా కనిపించినా.

అసలు తెలుగులో ఫైలుకు పేరు పెట్టుకోగలగడమే పాత ముచ్చట కాదు. విండోస్ ఒక్కో లిపికీ ఒక్కో కోడ్ పట్టీ వాడిన రోజుల్లో తెలుగుకు ఆ పట్టీయే లేదు. విండోస్ ఎక్స్‌పీతో తెలుగు వచ్చాక, 2003లో సాంబా 3.0 తీగ మీద యూనికోడ్‌లో మాట్లాడటం నేర్చాక, ఈ గోడ కూలింది. అంతకు ముందు మనం ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ1, అమ్మ2 అని పెట్టుకున్నవాళ్లమే.

పాత తలుపులు

ఇల్లంతా కలిపే ఈ భాషకు ఒక పీడకల కూడా ఉంది. 2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఎస్ఎంబీ మొదటి రూపాన్ని విండోస్ అమలుచేసిన తీరులో ఒక లోపం ఉంది. దాన్ని వాడుకునే ఆయుధాన్ని అమెరికా గూఢచారి సంస్థ తయారుచేసుకుంటే, అది బయటికి పొక్కింది. మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు విభాగాల కంప్యూటర్లకూ తగిలింది. అదే నెలలో సాంబాలోనూ ఏడేళ్లుగా ఉన్న వేరొక పెద్ద లోపం బయటపడింది, 24న సరిచేశారు. విని నేర్చినవాళ్లకైనా, రాసినవాళ్లకైనా తప్పులు తప్పవు.

అప్పటి నుంచి ఆ మొదటి రూపాన్ని అందరూ మూసేస్తూ వచ్చారు, 2017 అక్టోబరు విండోస్ 10లో, 2019 సాంబాలో. అందుకే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించడానికి కొన్నేళ్ల కిందట కొన్న డిస్కు పెట్టె హఠాత్తుగా విండోస్ నెట్‌వర్క్ కిటికీలో కనిపించడం మానేస్తుంది. చెడిపోయిందనుకుని పారేసినవాళ్లు నాకు తెలుసు. ఒకరినొకరు కనుక్కునే పాత పద్ధతి ఆ మొదటి రూపాన్ని పట్టుకుని ఉండేది, అది పోయింది. చాలాసార్లు పెట్టె బాగానే ఉంటుంది. అడ్రస్ పట్టీలో వెనక్కి వాలిన గీతలు రెండు కొట్టి, ఆ పెట్టె పేరో ఐపీ అడ్రసో రాయండి. మ్యాక్‌లో అయితే కనెక్ట్ టు సర్వర్ అన్నచోట. తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే ఆ పెట్టెకు పాత భాష తప్ప రాదన్నమాట. దాని సెట్టింగుల్లో ఎస్ఎంబీ రెండో మూడో రూపం ఉందేమో చూడండి. పాత భాషను విండోస్‌లో మళ్లీ తెరవమని చెప్పే సలహాలు దొరుకుతాయి, దయచేసి వినవద్దు. 2024 విండోస్ 11 పాస్‌వర్డ్ లేని అతిథులనూ చాలాచోట్ల రానివ్వడం లేదు. పెట్టెలో ఒక పేరూ పాస్‌వర్డూ పెట్టుకుంటే ఆ తగువు తీరుతుంది. రూటర్‌లో 445 నంబరు ద్వారాన్ని మాత్రం బయటి ప్రపంచానికి ఎప్పుడూ తెరవకూడదు. ఇంటి అలమర వీధి వైపు తెరిచి పెట్టుకోం కదా.

మా ఇంట్లో మైలవరాన్ని సరిచేయడం చివరికి సులువే అయింది. మ్యాక్ విడగొట్టిన పేర్లను దారిలోనే కలిపి పంపే ఏర్పాటు ఆర్‌సింక్‌లో 2008 నుంచీ ఉంది. మనలాగే ఎక్కడో ఎవరికో కావలసి వచ్చి రాసి పెట్టారు. ఎక్కించినవన్నీ తీసేసి, ఆ ఏర్పాటు చేర్చి మళ్లీ ఎక్కించాం. తమ్ముడు హాల్లో టీవీ ముందు కూర్చుని వెతికాడు. మైలవరం ఒక్కటే వచ్చింది. తెరిస్తే నీలం ఇన్‌లాండ్ లెటరు, మడత పడ్డచోట సిరా కొంచెం పాకింది. ఈ ఏడు కాయ పులుపు చాలలేదనీ, ఆవకాయ జాడీ బెజవాడ బస్సు డ్రైవరుకు అప్పజెప్పాననీ, దించుకునేటప్పుడు మూత వాసెన ఊడకుండా చూడమనీ అమ్మ రాసింది.